పటంలో చల్లగా ఉన్న చోటు

మూడో చెంచా కూడా బయటికే వచ్చింది. జావ గడ్డం మీదుగా కారి మెడ మడతల్లోకి దిగింది. పెద్దది కొంగుతో తుడిచి నాలుగో చెంచా నింపింది.

“మింగవయ్యా. నిన్న మింగావుగా. ఈవేళ ఏమొచ్చింది నీకు?”

మంచం మీద మనిషి ఉలకడు, పలకడు. చూపు పైకప్పుకి అతుక్కుపోయింది. ఫ్యాను గిర్రున తిరుగుతున్నా ఆ కళ్ళు కదలవు.

వంటింటి గుమ్మంలో నిలబడి చిన్నది ఇదంతా చూస్తోంది. ఈ అక్కచెల్లెళ్ళిద్దర్నీ పుట్టింటివాళ్ళు పెద్దది, చిన్నది అని పిలిచారు. వయసొచ్చినా, మెట్టినిళ్ళకి వెళ్ళినా ఆ పిలుపులు అలాగే ఉండిపోయాయి.

ఎంత మాటకారి మనిషి బావ! రాత్రంతా బట్టల గోదాము దగ్గర కాపలా కాసి, పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని వీధి వీధంతా నవ్వించేవాడు. రాత్రి డ్యూటీవాడికి పగలే నిద్ర. ఆ పగటి నిద్రే కొంప ముంచింది. కాలువ గట్టు మీద ఇల్లు అందరికంటే ముందు ఖాళీ చేస్తే, బదులుగా కొత్తగా ఇచ్చిన రేకుల షెడ్డులో మధ్యాహ్నం పడుకున్నవాడు సాయంత్రానికి లేవలేదు. ఒళ్ళు పట్టుకుంటే కాలిపోతోంది. వడదెబ్బ మెదడుకి తగిలిందన్నారు ఆసుపత్రిలో. కొందరికి మాట తిరిగొస్తుంది, కొందరికి రాదు, ఇంట్లోనే చూసుకోండి అని పంపేశారు. షెడ్డుకి తీసుకెళ్ళకుండా చిన్నది తన ఇంటికే తెచ్చుకుంది.

“నువ్వైనా చెప్పవే,” అంది పెద్దది. “నీ మాటైతే వింటాడు. నువ్వంటే వెర్రి ప్రేమ మీ బావకి.”

చిన్నది దగ్గరికెళ్ళి “బావా” అంది. జారిన దుప్పటి సర్దింది.

ఇదివరకైతే బావే ముందు మొదలుపెట్టేవాడు. మరదలు ఉపగ్రహం పంపే బొమ్మలతో ఊరి బాగోగులు కొలిచే ఉద్యోగం చేస్తుందని తెలిసిన రోజు నుంచీ ఒకటే వేళాకోళం. “మరదలా, పై నుంచి నా బట్టతల మెరుస్తోందా?” అనేవాడు. ఉపగ్రహం పొద్దున పూట వస్తుందని చెప్పినందుకు, నిద్ర మానుకుని మరీ బయటికొచ్చి ఆకాశానికి చెయ్యి ఊపేవాడు. సాయంత్రం ఫోను చేసేవాడు. “ఇవాళ కనిపించానా?”

“మనుషులు కనిపించరు బావా. మీ ఇళ్ళ వరస మొత్తం కలిపి పటంలో ఒక గడి.”

“హవ్వ! మొత్తం జనానికి ఒక్క గడేనా? అద్దె ఎవరు కడతారు దానికి?”

ఇప్పుడా చెయ్యి దుప్పటి మీద చచ్చుగా పడి ఉంది.

చిన్నది సంచీ భుజాన వేసుకుని గుమ్మం మెట్ల దగ్గరికొచ్చేసరికి మొగుడు అడ్డంగా నిలబడ్డాడు. లిఫ్టు మెకానిక్ అతను. తెల్లారగట్లే డ్యూటీ చేసి వచ్చాడేమో, చేతులకి ఇంకా గ్రీజు ఉంది.

“శనివారం పూట ఆఫీసేంటి?”

“పెద్దసారు వస్తున్నారు. సోమవారం పని ఉందిగా.”

“అదే ఎందుకని అడుగుతున్నాను.”

“నీకు తెలుసు ఎందుకో.”

అతను వెనక్కి తిరిగి తలుపు దగ్గరగా వేశాడు. గొంతు తగ్గించాడు. “వదిన వినగలదు. నెమ్మదిగా మాట్లాడు. చూడు, నువ్వు చేసిన ఆ వేడి పటం మీద సంతకాలు ఎంతమందివి ఉన్నాయి? నీ పైన ఒకరు, ఆయన పైన ఒకరు. తప్పని నువ్వు నోరు విప్పావనుకో, అందరూ చేతులు దులుపుకుంటారు. నీ ఒక్కదాని మెడకే చుట్టుకుంటుంది.”

“చుట్టుకోనీ.”

“అంత తేలిగ్గా అనేస్తావేంటి? నువ్వు కాంట్రాక్టు మనిషివి. రేపు రావద్దంటే నీకు దిక్కెవరు?”

“సోమవారం కాలువ గట్టు నుంచి ఇంకా ఇరవై కుటుంబాలు వెళ్తున్నాయి ఆ షెడ్లలోకి. నా పటం చూసే వాటికి అనుమతి ఇచ్చారు. అందులో ఒక బాలింత కూడా ఉంది.”

“పోనీ వాళ్ళకి చాటుగా చెప్పు. ఆఫీసులో ఎందుకు తల పెట్టడం?”

“చాటుగా చెప్పినా ఆ మాట అక్క దాకా రాకుండా ఉంటుందా?”

అతను ఆమె కుడి అరచేతికి చుట్టిన గుడ్డ వైపు చూశాడు. పెనం కాలిందని అక్కకి చెప్పిన అబద్ధం అతనికి తెలుసు. పక్కకి జరిగి దారి ఇచ్చాడు గానీ, ఆమె మెట్లు దిగుతుంటే వెనక నుంచి “నా మాట ఎప్పుడు విన్నావు గనక!” అని గొణిగాడు.

మున్సిపాలిటీ ఆఫీసులో పెద్దసారు స్వెటరు వేసుకుని కూర్చున్నాడు. బయట తారు కరుగుతోంది, లోపల ఈయనకి చలి! ఏసీ తగ్గించమంటే మెషీన్లు పాడైపోతాయంటాడు. చెడ్డవాడు కాదు. పిల్ల ఫీజు కట్టడానికి ఇబ్బంది పడుతోందని ఒకసారి చిన్నదానికి జీతం ముందుగా ఇప్పించినవాడే. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే కడిగేసి రావడం సుఖం.

“చెప్పమ్మా. ఫోన్లో ఏడుస్తున్నట్టు మాట్లాడావు.”

“ఏడవలేదు సార్. షెడ్ల దగ్గర వేడి లెక్క తప్పింది.”

“ఉపగ్రహం తప్పు చెప్తుందా?”

“అది చూసింది చెప్పింది. దాన్ని అర్థం చేసుకోవడంలో నేను తప్పాను.”

కంప్యూటరు మీద పటం తెరిచింది. పచ్చదనం, తేమ, పొడితనం, వేడి. ఈ నాలుగూ కలిపి ఊళ్ళో ప్రతి గడికీ ఒక మార్కు. బాగున్న చోటు ఆకుపచ్చ, పాడైన చోటు ఎరుపు. ఊరు నాలుగు వైపులా కట్టలు తెంచుకుని పెరుగుతుంటే, ఎక్కడ జనాన్ని పెట్టొచ్చో ఎక్కడ పెట్టకూడదో ఈ రంగులు చూసే తేలుస్తున్నారు. షెడ్లు ఉన్న చోటు లేత ఆకుపచ్చలో ఉంది.

“సిమెంటు కప్పు కాలుతుంటే ఆ వేడి పైకి వస్తుంది సార్. పై నుంచి చూస్తే తెలిసిపోతుంది. కొత్త రేకు అలా కాదు. మెరుస్తుంది. కింద ఎంత కాలుతున్నా పైకి ఆ వేడి కక్కదు. పైన ఉన్న కెమెరాకి అద్దంలోలాగా ఆకాశం చల్లదనమే కనిపిస్తుంది. అందుకని రేకులకి వేరే లెక్క కట్టాలి. నేను ఊరంతటికీ సిమెంటు లెక్కే కట్టేశాను.”

“ఊళ్ళో రేకులెన్ని ఉంటాయమ్మా? అక్కడొకటి, ఇక్కడొకటి.”

“అలా అనుకునే వదిలేశాను. కానీ అక్కడున్నవి మొత్తం రేకులే సార్. అవి కట్టించింది మనమే. అది నాకు తెలుసు. తెలిసి కూడా నాకు తట్టలేదు.”

సరిచేసిన పటం తెరిచింది. లేత ఆకుపచ్చ పోయి ఆ గడులు ముదురు ఎరుపులోకి మారాయి. చుట్టుపక్కల ఎక్కడా అంత ఎరుపు లేదు. ఇటుక బట్టీలు కూడా నయం.

పెద్దసారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకుని చూశాడు.

“ఇది ఇంకెవరికైనా చూపించావా?”

“లేదు సార్.”

“మూసెయ్.”

ఆమె మూయలేదు.

“చూడమ్మా, సోమవారం పొద్దున్నే కాలువ గట్టు మీదికి ఇళ్ళు కూల్చే మెషీన్లు వస్తాయి. షెడ్లు బాగున్నా ఆ ఇళ్ళు పడతాయి, బాగోకపోయినా పడతాయి. షెడ్లు పనికిరావని నువ్వంటే వాళ్ళు రోడ్డు మీద ఉంటారు. ఈ ఎండలో. అది కావాలా నీకు?”

“మెషీన్లే ఆపమనండి సార్.”

“నా చేతిలో ఉందా అది?” ఆయన గొంతు విసుగ్గా లేదు, అలసటగా ఉంది. “వచ్చే పటంలో సరిచేద్దాం. ఈలోపు రేకుల మీద ఏవైనా తడికెలు కప్పించమని చెప్తాను. అయినా ఎవరూ బలవంతం చెయ్యలేదే. ముందు ససేమిరా అన్నారు, తర్వాత వాళ్ళంతట వాళ్ళే ఒప్పుకున్నారు. ఒప్పించింది ఎవరో నీకు తెలీదా?”

“ఎవరు?”

“మీ అక్కగారేనమ్మా! గుమ్మం గుమ్మం తిరిగింది. మా చెల్లెలే స్వయంగా కొలిచింది, అక్కడ చల్లగా ఉంటుంది అని అందరికీ నచ్చజెప్పింది. ఆవిడే లేకపోతే ఈ పని జరిగేదే కాదు.”

చిన్నది మౌస్ మీద నుంచి చెయ్యి తీసేసింది.

“నీ ఇష్టం,” అన్నాడు పెద్దసారు స్వెటరు సర్దుకుంటూ. “చెప్పాలనుకుంటే సోమవారం పొద్దున అందరి ముందూ చెప్పు, నేను ఆపను. కానీ ముందు ఇంటికెళ్ళి మీ అక్కగారిని ఒక మాట అడుగు.”

ఇంటికొచ్చేసరికి పెద్దది వెనక పంపు దగ్గర కూర్చుని బావ దుప్పటి ఉతుకుతోంది. జావ మరకలు, ఇంకేవో మరకలు. మొగుడు నిద్రపోయాడు. బావ గది తలుపు ఓరగా వేసి ఉంది.

“తిన్నాడా?”

“రెండు చెంచాలు దిగాయి. ఆ రెండు చాలు ఈ పూటకి.” పెద్దది మొహంలో కాస్త వెలుగు ఉంది. “నీ పనయిందా?”

చిన్నది పంపు గట్టు మీద కూర్చుంది. “అక్కా, షెడ్లు చల్లగా ఉంటాయని కాలువ గట్టు వాళ్ళకి నువ్వు చెప్పావా?”

“చెప్పాను. నువ్వు చెప్పిందే చెప్పాను. ఏం, చెప్పకూడదా?”

“నేను చెప్పింది తప్పక్కా.”

పెద్దది దుప్పటి పిండుతోంది.

“పటం తప్పు. అక్కడ చల్లగా లేదు. ఊరి మొత్తం మీద ఆ చోటే ఎక్కువ కాలుతోంది. రేకు మెరుపుకి ఉపగ్రహం మోసపోయింది. దాన్ని నేను సరిచూసుకోలేదు. బావకి ఇలా అవడానికి కారణం నేనే.”

పెద్దది పిండుతూనే ఉంది. దుప్పటిలో నీళ్ళన్నీ ఎప్పుడో కారిపోయాయి. అయినా మెలిపెట్టి మెలిపెట్టి పిండుతోంది.

“ఎప్పుడు తెలిసింది నీకు?”

“బావ బట్టలు తేవడానికి షెడ్డుకి వెళ్ళినప్పుడు. తలుపు పక్కన రేకు మీద చెయ్యి వేశాను.”

పెద్దది దుప్పటి బకెట్లో పడేసింది. చెల్లెలి చెయ్యి లాక్కుని, గుడ్డ ముడి విప్పింది. బొబ్బ పగిలి అరచెయ్యంతా ఎర్రగా ఉంది. దాన్ని చూస్తూ ఉండిపోయింది.

“పెనం కాలిందన్నావు.”

“భయమేసింది.”

“నన్ను చూసా?”

చిన్నది తలూపింది. కొడుతుందేమో అనుకుంది. కొడితే బాగుండునని కూడా అనుకుంది. చిన్నప్పుడు జడ పట్టుకుని వీపు వాయగొట్టి, ఆ తర్వాత తనే ఏడ్చే మనిషి అక్క.

పెద్దది కొట్టలేదు. గుడ్డ మళ్ళీ చుట్టింది, నెమ్మదిగా, చిన్న నొప్పి కూడా తగలకుండా.

“నాకు తెలుసే,” అంది.

“ఏం తెలుసు?”

“అక్కడ కాలుతుందని. లోపలున్నదాన్ని నాకు తెలీదా? వెళ్ళిన మొదటి రోజే తెలిసింది. నీళ్ళ బిందె ముట్టుకుంటే వేడి. చాప వేడి. మీ బావ కొలిమిలో పడేశావేమే నన్ను అన్నాడు.” ఆమె చెల్లెలి చెయ్యి వదిలేసింది. “నేను తిట్టాను. డ్యూటీ ఎగ్గొట్టడానికి సాకులు చెప్తున్నావని తిట్టాను. మా చెల్లెలు అంత చదువు చదివి, అంత పెద్ద మెషీను పెట్టి కొలిచింది, చల్లగా ఉందని చెప్పింది. నీ ఒంట్లోనే వేడి ఉందేమో చూపించుకో అన్నాను.”

“అక్కా...”

“నాకూ ఒళ్ళు మండిపోయేది. కొత్త చోటు కదా, అలవాటవుతుందిలే అనుకున్నాను. నువ్వు తప్పు చెప్తావని మాత్రం ఒక్కసారి కూడా అనిపించలేదు. ఆ రోజు మధ్యాహ్నం ఆయన చాప చంకలో పెట్టుకుని బయటికొచ్చాడు, కాలువ గట్టున చెట్టు కిందికి పోయి పడుకుంటానని. నేనే చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళాను. జనం చూస్తే షెడ్డు బాగోలేదనుకుంటారు, ఎవరూ రారు అని. ఒక్కదాన్నే అక్కడ ఉండలేకపోయానే. పక్కన మనవాళ్ళు నలుగురుంటే చాలనుకున్నాను.”

పంపులోంచి బొట్టు బొట్టుగా నీళ్ళు పడుతున్నాయి. ఇద్దరిలో ఎవరూ లేచి కట్టలేదు.

చివరికి చిన్నదే అంది. “సోమవారం అందరి ముందూ చెప్పేస్తానక్కా.”

“వద్దు.”

“అదేంటి?”

“వద్దంటే వద్దు. నీకేం, లెక్క తప్పింది అంటావు, చదువుకున్నవాళ్ళు సర్లే అంటారు. నేనేమనాలి? ఒళ్ళు కాలుతున్నా చల్లగా ఉందని చెప్పానని చెప్పనా? చెట్టు కిందికి పోతానన్న మొగుణ్ణి నేనే లోపలికి తోశానని చెప్పనా? ఏ మొహం పెట్టుకుని తిరగను?”

“బాలింత వెళ్తోందక్కా అందులోకి. పసిగుడ్డుతో.”

“నాకు తెలీదా!” పెద్దది అరిచింది. వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బావ గది వైపు చూసింది.

అప్పుడే వీధి తలుపు చప్పుడైంది.

వచ్చింది గుండీల పెద్దమ్మ. కాలువ గట్టు మీద అక్కావాళ్ళ పాత ఇంటి పక్కావిడ. బట్టల షాపులకి గుండీలు కుట్టి బతుకుతుంది. ఆ బాలింత ఈమె కూతురే. ఎండన పడి నడిచొచ్చిందేమో, గుమ్మంలోనే కూలబడి మంచినీళ్ళడిగింది. చెంబు ఖాళీ చేసి, చంకలో సంచీలోంచి ఒక చొక్కా తీసింది. బావదే. ఆసుపత్రిలో కంగారుగా చింపి విప్పిన చొక్కా. గుండీలన్నీ మళ్ళీ కుట్టింది, చిరుగు కనబడకుండా అతుకు కూడా వేసింది.

“లేచాక తొడుక్కుంటాడు,” అంది. “ఎలా ఉన్నాడే?”

“అలాగే ఉన్నాడు పెద్దమ్మా,” అంది పెద్దది.

“లేస్తాడు లేస్తాడు. మాట్లాడకుండా ఎన్నాళ్ళుంటాడు ఆ వాగుడుకాయ!” ఆవిడ నవ్వబోయి మానేసింది. చొక్కా మడతలు సర్దుతూ కూర్చుంది. “మరేం లేదే, ఒక్క మాట అడిగి పోదామని వచ్చాను. జనం నోటికొచ్చినట్టు వాగుతున్నారు. షెడ్డు వేడికే ఇలా అయ్యాడంటున్నారు. నేను ఒప్పుకోలేదు. వాళ్ళ చెల్లెలు కొలిచింది, సొంత అక్కని కాలే చోట పెడుతుందా అని నోరు మూయించాను. అయినా బాలింత కదా, పసిదానికి ఇంకా నెల కూడా నిండలేదు. నీ నోట ఒకసారి విని పోతే నాకు ధైర్యంగా ఉంటుంది.”

చిన్నది అక్క వైపు చూసింది. అక్క నేల వైపు చూస్తోంది.

“చల్లగానే ఉంటుంది పెద్దమ్మా,” అంది పెద్దది.

“అక్కా!”

“నువ్వు ఊరుకో. చల్లగానే ఉంటుంది. ఈయనకి ముందు నుంచీ బీపీ ఉంది. దాని వల్ల అయింది.”

ముసలావిడ హమ్మయ్య అంటూ మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేవబోయింది. లోపలి గదిలో ఏదో చప్పుడైంది. చెంచా కింద పడ్డట్టుంది. తర్వాత గొంతు. బొంగురుగా, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ.

“మర...దలా...”

పెద్దది ఒక్క ఉదుటున లేచింది. ఎన్నాళ్ళకి విన్నదా గొంతు! తలుపు తోసింది. ముగ్గురూ గుమ్మంలో ఆగిపోయారు.

బావ చూపు ఇంకా పైకప్పు మీదే ఉంది. కానీ దుప్పటి మీద చచ్చుగా పడి ఉండే చెయ్యి పైకి లేచి ఉంది. వణుకుతోంది. అటూ ఇటూ ఊపుతున్నాడు.

“మరదలా... కని...పించానా?”

పెద్దది నోట్లో కొంగు కుక్కుకుని గోడకి జారగిలబడింది. సంతోషానికి ఏడుస్తోందో, దేనికి ఏడుస్తోందో ఆమెకే తెలియాలి.

“ఎవరికి చెయ్యి ఊపుతున్నాడే?” అంది ముసలావిడ.

చిన్నది వెళ్ళి మంచం పక్కన కూర్చుంది. ఆ చెయ్యి పట్టుకుని దించబోయింది. అది దిగలేదు. జవాబు కోసం ఆగినట్టు గాల్లోనే ఉంది.

“లేదు బావా,” అంది. గుమ్మం దాకా వినిపించేట్టే అంది. “నువ్వు కనిపించలేదు. అక్క కూడా కనిపించలేదు. అక్కడ నాకు రేకులు తప్ప ఎవ్వరూ కనిపించలేదు.”

చెయ్యి దిగింది.

గుండీల పెద్దమ్మ చేతిలో చొక్కా అలాగే ఉంది. ఆవిడ ఒకసారి మంచం వైపు చూసింది, ఒకసారి చిన్నదాని చేతికి చుట్టిన గుడ్డ వైపు చూసింది.

“మరి చల్లగా ఉందని ఎవర్ని చూసి చెప్పారే?” అంది.

అడిగింది చిన్నదాన్ని కాదు. గోడకి జారగిలబడ్డ పెద్దదాని మొహంలోకి చూస్తూ అడిగింది.